పక్క మార్చే చేతులు

ఆ వాసన ఏమిటో అనురాధకు మెట్ల మీదే అర్థమైంది. చెత్తది కాదు, మురుగుదీ కాదు. రెండో అంతస్తులో కమలాకర్ వాళ్ల తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలి నుంచి అగరుబత్తీల పొగ వస్తోంది. ఆ పొగ కింద పుండు వాసన.

ఆమె చంకలో నిద్రపోతున్న కూతురు, చేతిలో కూరగాయల సంచి. తన ఇల్లు ఇంకో అంతస్తు పైన. చూడనట్టు వెళ్లిపోవచ్చు.

కమలాకర్ మంచాన పడ్డాడని కోసాడ్ కాలనీలో ఆ బిల్డింగు వాళ్లందరికీ తెలుసు. మరమగ్గాల కార్ఖానాలో మెకానిక్ అతను. పైకప్పు పంకా బాగుచేస్తూ నిచ్చెన మీది నుంచి జారి మగ్గం అంచు మీద పడ్డాడు. వెన్నెముక దెబ్బతింది. నడుము కింద ఏమీ తెలియడం లేదు. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, ఇక ఇంటి దగ్గర బాగా చూసుకోండని పంపించారు. బాగా చూసుకోవడమంటే ఎట్లాగో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అనురాధ తలుపు తోసింది. కమలాకర్ భార్య భాగ్యలక్ష్మి కింద కూర్చుని చీరల వెనుక వేలాడే దారాలు కత్తిరిస్తోంది. చుట్టూ చీరల కట్టలు.

"అక్కా, అన్నను జర ఒక్కసారి చూస్త."

"నువ్వెందుకే? ఆయనకు ఒంటి మీద బట్ట గిట్ట సక్కగ లేదు."

"నేను నర్సునక్కా."

అనేశాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఆ మాట నోటితో అని ఏళ్లయింది. నాలుగేళ్లు నర్సింగు డిగ్రీ చదివి, అమ్రోలీలో ఒక చిన్న నర్సింగ్ హోంలో చేరింది. అక్కడ ఆమె పని సగం ఇంజక్షన్లు, సగం బిల్లుల కౌంటరు. పేషంటుతో రెండు మాటలు మాట్లాడితే యజమాని పిలిచేవాడు. "నర్సంటే చెప్పింది చేసేది, ఆలోచించేది కాదు" అని ఒకరోజు అందరి ముందే అన్నాడు. కడుపుతో ఉన్నప్పుడు మానేసింది. మళ్లీ వెళ్లాలని అనిపించలేదు. చదివిన చదువు పెట్టెలో అడుగున పెట్టిన పట్టుచీరలా ఉండిపోయింది. ఉందన్న సంగతి తెలుసు, తీసి చూసిన రోజు లేదు.

కూతుర్ని భాగ్యలక్ష్మి పక్కన పడుకోబెట్టి అనురాధ మంచం దగ్గరికి వెళ్లింది. కమలాకర్ ముఖం గోడవైపు ఉంది. ముప్పై దాటిన మనిషి, చెంపలు లోపలికి పోయాయి. ఇద్దరూ కలిసి అతన్ని పక్కకు తిప్పారు. తోక ఎముక మీద అరచేయంత పుండు. మధ్యలో చర్మం నల్లగా తోలులా బిగుసుకుపోయి ఉంది. దాని మీద పసుపు, ఏదో ఆకు పసరు ఎండి పెచ్చు కట్టాయి.

"ఆ పసరు నేనే పెట్టిన," అంది వంటింటి గడపలో నిలబడ్డ వజ్రమ్మ, కమలాకర్ తల్లి. "మా ఊర్ల ఎడ్లకు మెడ మీద పుండైతే గిదే పెడుతుండె. మానుతుండె."

"సూసినవ్ గద చెల్లె," అన్నాడు కమలాకర్ గోడతో మాట్లాడుతున్నట్టు. "ఇగ పో."

ఇంటికి వెళ్లి అనురాధ చేతులు కడుక్కుంది. ఫోన్ తీసి హారతికి చేసింది.

హారతి, ఆమె కాలేజీలో ఒకే బెంచీ. ఇద్దరివీ మగ్గాల పని కోసం ఈ గుజరాతీ నగరానికి వచ్చి లింబాయత్‌లో స్థిరపడ్డ నేత కుటుంబాలే. హారతి తండ్రి లక్ష్మీరాజం, అనురాధ తండ్రి ఒకే కార్ఖానాలో మగ్గాలు నడిపారు. హారతి పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. ఎవరి ముందూ తడబడని మనిషి. మర్నాడు డ్యూటీ దిగి, యూనిఫారం మీదే స్కూటీ వేసుకుని వచ్చింది. పుండు చూసి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"అన్నా, ఆ నల్లది సచ్చిపోయిన తోలు. డాక్టర్ కోసి తీయాలె. రేపే ఆసుపత్రికి పోవాలె."

"పోను," అన్నాడు కమలాకర్.

"పోకపోతె చీము రక్తంల కలుస్తది. జరమొస్తది. పానానికే మీదికొస్తది."

"రానీ. నన్ను మల్ల ఆసుపత్రికి తీస్కపోతె తిండే బంద్ జేస్త."

వజ్రమ్మ కొడుకు వైపే నిలబడింది. హారతి గొంతు పెరిగింది. భాగ్యలక్ష్మి ఏడ్చింది. అంతకుమించి ఏమీ జరగలేదు. మెట్లు దిగుతూ హారతి చేతి గ్లౌజులు తీసి సంచిలో కుక్కింది.

"గిట్లాంటి పేషంట్‌ను నేనెప్పుడు సూడలేదే. ఐసీయూల పేషంట్ వద్దనడు. మాట్లాడే స్థితిల్నే ఉండడు."

"నాకు చేతులే ఆడుతలేవు హారతి. అన్ని మర్శిపోయిన."

హారతి మెట్టు మీద ఆగింది. "మర్శిపోయినవా? రంజన్‌బెన్ క్లాసుల ఏడ్చింది ఎవరు మరి?"

అనురాధకు నవ్వొచ్చింది. రెండో సంవత్సరం ప్రాక్టికల్ గదిలో టీచరు రంజన్‌బెన్ ఒక్కొక్కరినీ గట్టి చెక్క వేసిన ఇనుప మంచం మీద పడుకోబెట్టేది. పీరియడ్ అయ్యేదాకా కదలకూడదు, గోక్కోకూడదు. మిగతావాళ్లు చుట్టూ తిరుగుతూ తమ పని చేసుకోవాలి. హారతి కాసేపటికే నవ్వుతూ లేచిపోయింది. అనురాధ చివరిదాకా పడుకుని, లేచాక ఏడ్చింది. వీపు నొప్పా అని రంజన్‌బెన్ గుజరాతీలో అడిగింది. కాదు, ఇంతసేపూ ఎవ్వరూ నా ముఖం చూడలేదు అంది అనురాధ. అప్పుడు రంజన్‌బెన్ క్లాసు వైపు తిరిగి, "పేషంట్‌ను పక్క మార్చేది వీపు కోసమే అనుకోకండి. మార్చిన ప్రతిసారీ అతనికి ఒక మనిషి ముఖం కనబడాలి" అంది.

"నాకు ఆ క్లాసు అప్పట్ల టైంపాస్ అనిపించింది," అంది హారతి. "నీకు ఒంట్లకు పోయింది. రేపటి నుంచి నువ్వే పో. సామాన్లు నేను తెస్త."

మర్నాడు అనురాధ వెళ్లింది. పుండు ఊసే ఎత్తలేదు. భాగ్యలక్ష్మితో కలిసి అతన్ని పక్కకు తిప్పి, వీపుకు దిండు ఆనించి, గోడవైపు కాక గదివైపు ముఖం ఉండేలా పడుకోబెట్టింది. ఏ కంపెనీ మగ్గాలు తొందరగా పాడవుతాయని అడిగింది. అతను పలకలేదు. రెండోనాడూ అడిగింది. అప్పుడు, "మగ్గం తప్పేం లేదు, నూనె పెట్టని శేఠ్‌ది తప్పు" అన్నాడు. ఆ తర్వాత మాటలు కాస్త కాస్త వచ్చాయి.

ఒకరోజు అతనే అడిగాడు. "ఎనుక ఎట్లున్నది చెల్లె? గీళ్లు చెప్తలేరు. అడిగితె మంచిగయితున్నదంటరు. వాసన నాకు వస్తలేదా?"

అనురాధ భాగ్యలక్ష్మి వైపు చూసింది. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. అనురాధ ఫోన్‌తో పుండు ఫొటో తీసి అతని కళ్ల ముందు పెట్టింది.

అతను రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసుకుని చూశాడు. పాడైన యంత్రం మూత తీసి లోపలికి చూసేవాడి కళ్లతో చూశాడు.

"ఎంత లోతున్నది?"

"ఆ నల్లది తీస్తెగాని తెల్వది."

"ఎముక దాక పోతదా?"

"గిట్లనే వదిలేస్తె పోతది."

"తీస్తె మానుతదా?"

"ఒక్క నెలల మానదన్నా. చానా నెలలు పడ్తది. గని మానుతది. కాళ్ల సంగతి నేను చెప్పలేను. పుండు సంగతి చెప్పగల్గుత."

కమలాకర్ ఫోన్ తిరిగి ఇచ్చాడు. "తుప్పు గీకకుంట మీద గ్రీజు పెడితె ఏం ఫాయిదా?" అన్నాడు తల్లి వైపు చూసి, మెత్తగానే. "అవ్వా, ఆసుపత్రికి పోదాం."

లిఫ్టు లేని బిల్డింగు. కార్ఖానా నుంచి వచ్చిన నలుగురు దుప్పటి అంచులు పట్టుకుని అతన్ని దింపారు. ఆసుపత్రిలో సర్జన్ చచ్చిన తోలంతా తీసేశాడు. హారతి సెలవు పెట్టి పక్కనే ఉంది. తిరిగి వచ్చినప్పుడు గాయం ముందుకంటే పెద్దదిగా, లోతుగా కనబడింది. "గిదేందే, ఇంకింత పెద్దగైంది?" అంది భాగ్యలక్ష్మి.

"ఇది మంచి పుండక్కా," అంది అనురాధ. "ఇప్పటిసంది మానుడు మొదలైతది. దీని మీద బరువు పడొద్దు, తడి ఉండొద్దు. రెండు గంటలకొకసారి పక్క మర్లేయాలె. పగలు, రాత్రి."

చెప్పడం తేలిక. మొదటి వారంలోనే భాగ్యలక్ష్మి నడుం పట్టేసింది. నిద్ర లేక ఆమె చేతిలో కత్తెర జారి వేలు తెగింది. అనురాధ రోజుకు నాలుగుసార్లు మెట్లు దిగి ఎక్కుతోంది. కూతురికి జ్వరం వచ్చి ఒకరోజు రాలేకపోయింది. మర్నాడు వచ్చి దుప్పటి ఎత్తితే అతని మడమ మీద ఎర్రటి మచ్చ. వేలితో నొక్కి చూసింది. ఎరుపు పోలేదు. అంటే ఇంకో పుండు మొదలవుతోంది.

ఆ సాయంత్రం ప్రణయ్ కూడా నోరు తెరిచాడు. ఆమె భర్త ఎంబ్రాయిడరీ మిషన్ల మీద పనిచేస్తాడు. నెమ్మదస్తుడు.

"అనూ, మన బిల్డింగ్‌ల ఏమనుకుంటున్నరో ఎరుకేనా?"

"ఏమనుకుంటున్నరు?"

"పరాయి మొగోని దగ్గరికి గన్నిసార్లు పోయి... ఒళ్లు ముట్టుడు, కడుగుడు..."

"నేను నాలుగేండ్లు సదివింది గదే. మనిషి ఒళ్లును ఎట్ల సూడాలె, ఎట్ల ముట్టాలె, ఆయన సిగ్గును ఎట్ల కాపాడాలె. నాకు సంబంధం చూసినప్పుడు పిల్ల నర్సింగ్ చదివిందని మీ ఇంట్ల గొప్పగ చెప్పుకున్నరు గద. ఏం చదివిన్ననుకున్నరు మరి?"

ఆమె కోపంగానే పిల్లకు మందు పట్టింది. పిల్ల నిద్రపోయాక కూడా ఆమె ఆలోచన ఆ మడమ దగ్గరే ఉంది. కోపం తగ్గేకొద్దీ ఒక సంగతి స్పష్టమైంది. ఇది ఇద్దరు ఆడవాళ్ల చేతుల మీద నడిచే పని కాదు. ఆసుపత్రిలో కూడా ఒక్క నర్సు ఒక పేషంట్‌ను మోయదు. డ్యూటీలు మారతాయి.

పొద్దున్నే వెళ్లి కమలాకర్‌ను అడిగింది. "అన్నా, మన బిల్డింగ్‌ల ఎవలెవలు ఏ పాళీ పోతున్నరు?"

అతనికి అందరి పాళీలూ, ఎవరి షిఫ్టు ఎప్పుడో తెలుసు. మొండయ్య రాత్‌పాళీ, పొద్దున వస్తాడు. నరహరి దిన్‌పాళీ, చీకటి పడ్డాక వస్తాడు. పరమేశ్‌ది వారం వారం మారుతుంది. చెబుతూ చెబుతూ ఆగాడు. "ఎందుకు?"

"వాళ్లు పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి నిన్ను మర్లేస్తరు. నడుమ ఖాళీ ఉన్న టైముకు నేను, భాగ్యక్క. ఎవలు ఎప్పుడో నువ్వే పెట్టాలె."

"నాకోసం వాళ్లను నేనే అడగాల్నా? సిగ్గు గాదా?"

"వాళ్ల మగ్గం ఆగినప్పుడు నిన్ను పిలవనీకె వాళ్లు సిగ్గుపడ్డరా?"

అతను భాగ్యలక్ష్మిని ఫోన్ ఇమ్మన్నాడు. మొదట మొండయ్యకు చేశాడు. మగ్గాల చప్పుడులో బతుకంతా గడిపిన మొండయ్యకు వినబడేది తక్కువ, మాట్లాడేది పెద్దగా. "గింత మాటకు అడుగుడేందిరా!" అని అతను ఫోన్‌లో అరిచింది గది అంతా వినబడింది.

ఆదివారం మధ్యాహ్నం అనురాధ అయిదుగురు మగవాళ్లను మంచం చుట్టూ నిలబెట్టింది. హారతి పక్కన నిలబడి చూసింది.

"గుంజొద్దు," అంది అనురాధ. "గుంజితె కింద తోలు చిరుగుతది. దుప్పటి పట్టి ఎత్తాలె, అప్పుడు మర్లేయాలె. మోకాళ్ల నడుమ దిండు. మడిమెలు గాలిల ఉండాలె. తిప్పినంక ఆయన మొఖం సూడాలె, నాలుగు మాటలు మాట్లాడాలె. ఉత్తగ తిప్పి పోవుడు లేదు."

మొదటిసారి పరమేశ్ తొందరపడి లాగాడు. అనురాధ ఆపి మళ్లీ చేయించింది. మళ్లీ తప్పాడు. మళ్లీ చేయించింది. నర్సింగ్ హోంలో తల వంచుకుని ఉన్న ఆ అమ్మాయేనా ఈమె అని హారతికి అనిపించింది.

వజ్రమ్మకు మాత్రం ఇంకా కోపం పోలేదు. కొడుక్కి గుడ్డు పెట్టమంటే, గుడ్డు తింటే పుండు చీము పడుతుందని పెట్టనిచ్చేది కాదు. అనురాధ వాదించలేదు. ముసలామెను మంచం దగ్గర కూర్చోబెట్టి, మడమ మీద ఎర్ర మచ్చను ఆమె వేలితోనే నొక్కించింది.

"అవ్వా, నొక్కి తీసినంక తెల్లగైతె మంచిది. ఎర్రగనే ఉంటె ఖత్రా. దినాం నువ్వే సూడాలె. నీ వేలికే తెలుస్తది. ఇంకో మాట. కొత్త కండ పుట్టాల్నంటె లోపలికి బలం పోవాలె. బాలింతకు బలం పెట్టవా నువ్వు? గిది గట్లనే."

బాలింత మాట వజ్రమ్మకు పట్టింది. ఆ రోజే రెండు గుడ్లు ఉడికించింది. ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరివల్లా కాలేదు. పొద్దున, సాయంత్రం కొడుకు మడమలు, మోచేతులు, తుంటి నొక్కి చూసేది. ఎక్కడన్నా ఎరుపు కనబడితే మెట్ల మీద నిలబడి, "ఏ పాళీ వాడురా, నిన్న సక్కగ మర్లేయనిది!" అని కేకేసేది. మొండయ్యకు కూడా వినబడేది.

చలికాలంలో ఒకసారి కట్టు తడిసిన సంగతి ఎవరూ చూసుకోక, జ్వరం వచ్చి కమలాకర్ మళ్లీ ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. తిరిగి వచ్చాక పుండు నెల వెనక్కి పోయినట్టయింది. అనురాధ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఒకరోజు కట్టు విప్పితే గాయం అడుగున దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి కొత్త కండ. ఫొటో తీసి అతనికి చూపించింది. అతను పాత ఫొటో కూడా అడిగి, రెండూ మార్చి మార్చి చూసుకున్నాడు.

ఆ రాత్రి పక్క మార్చేటప్పుడు ఒక చెయ్యి తక్కువైతే ప్రణయ్ తనంతట తానే దిగి వచ్చి దుప్పటి ఓ అంచు పట్టుకున్నాడు. తర్వాత రోజు కూడా వచ్చాడు.

ఎండలు మొదలయ్యేసరికి పుండు రూపాయి బిళ్లంత అయింది. ఒక సాయంత్రం స్నేహితురాళ్లిద్దరూ డాబా మీద కూర్చున్నారు. కింద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

"నీకు ఒక మాట చెప్పాల్నే," అంది హారతి. "నా పేషంట్లు ఐసీయూల నుంచి బయట పడంగనే నేను గెలిచిన్ననుకుంట. ఇంటికి పోయినంక ఏమైన్రో నాకు తెల్వది. కమలాకరన్న కూడా ఎక్కడో ఒక నర్సు 'పాణం దక్కింది' అనుకుని పంపిన పేషంటే గద."

"నువ్వు వెంటిలేటర్ నడపకుంటె ఇంటికి ఎవలు రారు హారతి."

"వస్తరు. వచ్చినంక గిట్ల కుళ్లుతరు. నేను కాలేజీ నుంచి మిషన్లు నేర్సుకొచ్చిన. అదే చదువనుకున్న. నువ్వు ఉద్యోగం లేకుంట ఇంట్ల కూసున్నవని నీ చదువు పోయిందనుకున్న. జాలిపడ్డ కూడా."

"నేనూ పోయిందనే అనుకున్న," అంది అనురాధ. "నాకు మందుల పేర్లు కొన్ని మర్శిపోయినయి నిజంగనే. పుస్తకం తీసి మల్ల చదువుతున్న. గని మనిషిని ఎట్ల పట్టుకోవాల్నో చేతులు మర్వలేదు. ఆ నర్సింగ్ హోంల నేను పనికిరానిదాన్ననుకున్న. నాకు వచ్చిన పనే అక్కడ లేకుండె."

"మరి ఇగ ఇంట్ల ఎందుకున్నవ్?"

అనురాధ నవ్వలేదు. "ఉండను," అంది.

హారతి తన ఐసీయూలో పట్టుబట్టింది. ఇంటికి పంపే ముందు పేషంటు మనుషులకు నేర్పడానికి సమయం కావాలని అడిగింది. స్టాఫ్ తక్కువన్నారు. అయితే నా డ్యూటీ అయ్యాక చెబుతానంది. ఇప్పుడు తెలుగు, గుజరాతీ, హిందీ మూడింటిలో చెబుతోంది. ఇద్దరు జూనియర్లు ఆమెతో నిలబడుతున్నారు.

కమలాకర్ పుండు వానలు పడే ముందు పూర్తిగా మూసుకుంది. కాళ్లు రాలేదు. రావని అతనికీ తెలుసు. కానీ చక్రాల కుర్చీలో కూర్చోగలడు. కూర్చున్నాక చేతులతో పైకి లేచి బరువు మార్చుకోవడం నేర్చుకున్నాడు. కింది అంతస్తులోకి ఇల్లు మారారు. అమ్రోలీలో మగ్గాల విడిభాగాల దుకాణం వాడు అతన్ని పిలిచి కౌంటర్లో కూర్చోబెట్టాడు. ఏ మగ్గానికి ఏ పళ్లచక్రం సరిపోతుందో అక్కడ అతన్ని అడగాల్సిందే.

అనురాధ కామ్‌రేజ్‌లో ఒక ఆసుపత్రికి ఇంటర్వ్యూకు వెళ్లింది. వెన్నెముక దెబ్బతిన్నవాళ్ల వార్డు ఉందక్కడ. మధ్యలో ఇన్నేళ్లు ఏం చేశారని అడిగారు. బిడ్డను పెంచానంది. తర్వాత కమలాకర్ సంగతి దాపరికం లేకుండా చెప్పింది. ఎక్కడ తప్పింది, జ్వరం ఎందుకు వచ్చింది, చలికాలంలో ఏం నష్టపోయారు అన్నీ. మేట్రన్ మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది. వచ్చే సోమవారం చేరమంది.

పిల్లను బాల్‌వాడీలో దింపే పని ప్రణయ్ తీసుకున్నాడు. మొదటిరోజే వార్డులో ఒక కుర్రవాణ్ణి చూసింది అనురాధ. ఇచ్ఛాపూర్‌లో ఫ్యాక్టరీ పనివాడు. అతని తల్లి అద్దాల తలుపు అవతల బెంచీ మీద కూర్చుని ఉంది. చూసే వేళలు అయిపోయాయట. లోపల వార్డు మనుషులు అతన్ని పక్కకు తిప్పి వెళ్లిపోయారు.

అనురాధ మేట్రన్ గదికి వెళ్లింది. పక్క మార్చేటప్పుడు ఇంటివాళ్లను లోపలికి రానిద్దాం, ఇక్కడే నేర్చుకుంటారు అంది.

"చూద్దాం," అంది మేట్రన్, తలెత్తకుండానే.

మర్నాడు అనురాధ మళ్లీ అడిగింది. ఆ తర్వాతి వారం ఇంకోసారి అడిగింది. ఆరోజు మేట్రన్ పెన్ను కింద పెట్టి, "మధ్యాహ్నం ఒక్కసారి. నీ బాధ్యత మీద" అంది.

అనురాధ గబగబా వెళ్లి అద్దాల తలుపు తెరిచింది. "రండమ్మా," అంది హిందీలో. "చేతులు కడుక్కొని రండి. ఎట్లాగో చూపిస్తాను."